తిలాపాపం తలా పిడికెడు: పుచ్చుపన్నులో ఈస్టు వాటా ఎంత?

దంతవైద్య చరిత్రలో అందరూ పేరు చెప్పి, కొద్దిమందే చదివే పుస్తకం ఒకటి ఉంది. విల్లోబీ మిల్లర్ రచించిన ‘మానవుని నోటిలోని సూక్ష్మజీవులు’ అనే ఆ గ్రంథం 1889లో జర్మన్ భాషలోను, 1890లో ఆంగ్లంలోను వెలువడింది. మిల్లర్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టి, దంతవైద్యం చదివి, బెర్లిన్‌కు వలస వెళ్ళినవారు. క్షయ క్రిమిని కనుగొన్న రాబర్ట్ కోక్ దగ్గర సూక్ష్మజీవశాస్త్రంలో మెళకువలు నేర్చుకున్నారు. వైద్యంలో అది ఒక్కొక్క రోగానికి ఒక్కొక్క క్రిమిని పట్టుకుంటున్న కాలం. కలరాకు ఒకటి, క్షయకు ఒకటి. అదే వరుసలో పుచ్చుపన్నుకు కూడా ఒక క్రిమి దొరుకుతుందని ఎవరైనా ఆశించడం సహజం. మిల్లర్ పుస్తకం ఆ ఆశను తీర్చలేదు. అది ఇప్పటికీ చదవదగినదిగా మిగలడానికి కారణం కూడా అదే.

ఆయన చేసిన ప్రయోగం చాలా సాదా అయినది. పీకిన పళ్ళను రొట్టె, లాలాజలం కలిపిన ముద్దలో వేసి శరీరపు వేడి దగ్గర ఉంచారు. పన్ను పైపొర సున్నాన్ని కోల్పోయి మెత్తబడింది. రొట్టెకు బదులు మాంసం వేసినప్పుడు ఆ మార్పు కలగలేదు. రొట్టె, లాలాజలాల మిశ్రమాన్ని ముందుగా మరిగించి అందులోని జీవులను చంపినప్పుడు కూడా కలగలేదు. పిండిపదార్థం గాని చక్కెర గాని ఉండాలి, దానిని పులియబెట్టే జీవులు ఉండాలి, అవి పుట్టించే ఆమ్లం పన్నును తాకుతూ ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే పన్ను పుచ్చుతుంది. పులియబెట్టే ఆ జీవి ఏది అన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు, ఏదో ఒకటి కాదు, నోటిలో ఆమ్లాన్ని పుట్టించగలిగినవన్నీ అని.

ఈ జవాబు తరువాతి తరాలకు రుచించలేదు. ఒక తప్పుకు ఒక దోషి ఉండాలన్న కోరిక సూక్ష్మజీవశాస్త్రం కంటే చాలా పాతది. సుశ్రుత సంహితలో ఈ రోగం పేరు కృమిదంతకం. తెలుగులో పురుగు తిన్న వంకాయనూ ‘పుచ్చు’ అంటారు, గుల్లబారిన పన్నునూ ‘పుచ్చు’ అంటారు. వంకాయను కోస్తే పురుగు కంటికి కనబడుతుంది కనుక, పంటిలోనూ ఒకటి ఉండి తీరాలన్నది ఆ మాటలో ఇమిడిన నమ్మకం. వాకుడు గింజల పొగ పట్టి, రాలిన తెల్లని తునకలను పురుగులని చూపించే నాటువైద్యం పల్లెలలో ఆ నమ్మకం మీదనే నడిచింది. ఐరోపాలోనూ ఇదే కథ. పియరీ ఫోషార్ 1728లో తన దంతవైద్య గ్రంథం ప్రచురించేనాటికి, సూక్ష్మదర్శినిలో ఎంత వెదికినా ఆ పురుగు కనబడలేదని చెప్పవలసిన అవసరం ఇంకా ఉండింది.

పురుగు పోయింది. దాని పీట మాత్రం ఖాళీగా ఉండలేదు. 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ పుచ్చుపళ్ళ నుంచి ఒక బ్యాక్టీరియాను వేరుచేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టారు. దానిని లోకం మూడున్నర దశాబ్దాలు మరచిపోయింది. 1954లో అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో ఆర్లండ్ తదితరులు క్రిములు బొత్తిగా లేకుండా పెంచిన ఎలుకలకు చక్కెర తినిపించినా వాటి పళ్ళు పుచ్చలేదని చూపారు. 1960లో కీస్, ఫిట్జెరాల్డ్ చిట్టెలుకలలో ఈ రోగం ఒకదాని నుంచి మరొకదానికి సోకుతుందని, దానికి కారణం స్ట్రెప్టోకాకస్ జాతి బ్యాక్టీరియా అని నిరూపించారు. అక్కడి నుంచి మ్యూటన్స్ దశ తిరిగింది. పుచ్చుపన్ను ఒక అంటువ్యాధి అయింది, దానికొక దోషి దొరికింది, ఇక టీకా రావడమే తరువాయి అన్న మాట వినబడింది. ఆ టీకా ఇప్పటికీ వాడుకలోకి రాలేదు. మ్యూటన్స్ పుష్కలంగా ఉండి కూడా పళ్ళు చెడని పిల్లలున్నారు. అది పెద్దగా లేకుండానే పళ్ళు పుచ్చిన పిల్లలూ ఉన్నారు.

ఈ చిక్కుముడి దగ్గరనే ఈస్టు రంగంలోకి వస్తుంది. క్యాండిడా ఆల్బికాన్స్ అనే ఆ శిలీంధ్రం వైద్యులకు కొత్తది కాదు. చంటిపిల్లల నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల వలె కట్టే తెల్లని పూతలో శిలీంధ్రం ఉన్నదని 1839లో లాంగెన్‌బెక్ గుర్తించారు. 1853లో రోబిన్ దానికి ‘ఆల్బికాన్స్’ అన్న పేరు కలిపారు. 1923లో క్రిస్టీన్ బెర్క్‌హౌట్ అనే డచ్చి పరిశోధకురాలు ‘క్యాండిడా’ అనే ప్రజాతిని ఏర్పరచారు. రెండు లాటిన్ మాటలకూ మూలార్థం తెలుపే. తెలుపు మీద తెలుపు పూసినట్టున్న ఆ పేరుగల జీవి ఆరోగ్యవంతులైన పెద్దలలో కూడా మూడింట ఒక వంతుకు తక్కువ కాకుండా ఎందరి నోళ్ళలోనో ఏ హానీ చేయకుండా కాపురముంటుంది. రోగనిరోధక శక్తి సన్నగిల్లినప్పుడో, యాంటీబయాటిక్స్ వాడి తోటి బ్యాక్టీరియాను ఊడ్చేసినప్పుడో, కట్టుడు పళ్ళు రాత్రింబవళ్ళు తీయకుండా ఉంచినప్పుడో మాత్రమే తల ఎత్తుతుందని వైద్యవిద్యార్థులు చదువుకున్నారు. అది మెత్తని చర్మపు జబ్బు, పన్ను దాని పరిధి కాదు అన్నది పాఠ్యపుస్తకాల విభజన.

చిన్నపిల్లల నోళ్ళు ఈ విభజనను ఒప్పుకోలేదు. పాలపళ్ళు మొలిచిన రెండుమూడేళ్ళలోనే ముందరి పళ్ళన్నీ నల్లబడి మొద్దులుగా మిగిలే తీవ్రమైన రోగం ఒకటుంది. ఆ పిల్లల పంటి పాచిని పరీక్షించినప్పుడు మ్యూటన్స్‌తో పాటు క్యాండిడా తరచుగా కనిపించింది. 2018లో వెలువడిన ఒక సమీక్ష అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కూడి చూసి, నోటిలో ఈ ఈస్టు ఉన్న పిల్లలలో పుచ్చుపళ్ళ అవకాశం లేనివారి కంటే ఐదు రెట్లకు పైగా ఉన్నదని తేల్చింది. అంకె పెద్దదే. కాని కలిసి కనబడినంత మాత్రాన కారణమని చెప్పలేరు. కారణమని చెప్పాలంటే ఆ రెండూ కలిసి ఏమి చేస్తాయో చూడాలి.

2014లో హ్యున్ కూ బృందం ఆ పని చేసింది. కొన్ని ఎలుకలకు మ్యూటన్స్‌ను, కొన్నింటికి క్యాండిడాను, కొన్నింటికి రెండింటినీ ఎక్కించి చక్కెర మేపారు. రెండూ ఉన్న ఎలుకలలో రోగం విడివిడిగా ఎక్కించిన వాటికంటే ఎంతో తీవ్రంగా వచ్చింది. సాధారణంగా పుచ్చు పట్టని నున్నని పక్కలు కూడా గుల్లబారాయి. పిల్లలలో వైద్యులు చూసే దృశ్యం అదే.

ఆ కూటమి ఎలా కుదురుతుందన్నది ఈ పరిశోధనలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం. వట్టిగా ఎదురుపడితే ఈ బ్యాక్టీరియా, ఈ ఈస్టు ఒకదానినొకటి పెద్దగా అంటుకోవు. వాటికి పెళ్ళి చేసేది చక్కెర. మ్యూటన్స్ తన ఒంటి నుంచి ఒక ఎంజైమును బయటికి వదులుతుంది. ఆ ఎంజైము ఈస్టు కణం పైగోడలో ఉండే మన్నాన్ అనే పదార్థానికి గట్టిగా పట్టుకుంటుందని 2017లో అదే బృందం చూపింది. నోటిలోకి చక్కెర రాగానే ఎంజైము దానిని గ్లూకాన్ అనే బంకగా మారుస్తుంది. అంటే ఈస్టు కణం తన ఒంటి మీద బంక తయారయ్యే కార్ఖానాను మోసుకుని తిరుగుతుంది. ఆ బంకలో బ్యాక్టీరియా చిక్కుకుంటుంది, రెండూ కలిసి పంటికి అతుక్కుంటాయి, పాచి మందంగా పేరుకుంటుంది. లోపల పుట్టిన ఆమ్లం బయటికి పోలేదు, బయటి లాలాజలం లోపలికి వచ్చి దానిని విరిచేయలేదు.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు బంకతో ఆగవు. సాధారణ చక్కెరను ఈస్టు అంత చురుకుగా వాడుకోలేదు. బ్యాక్టీరియా దానిని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టినప్పుడు ఈస్టుకు తిండి దొరుకుతుంది. ఈస్టు వదిలే ఫార్నెసాల్ అనే పదార్థం మోతాదు మించితే బ్యాక్టీరియాను అణచివేస్తుంది, కొద్ది మోతాదులో దాని పెరుగుదలకు దోహదం చేస్తుంది. తెలుగువారికి ఇటువంటి ఉమ్మడి వ్యాపారం కొత్తది కాదు. తెల్లవారుజామున చెట్టు నుంచి దించిన తాటినీరు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేసరికి పులిసి కల్లవుతుంది. ఇంకొంతసేపు ఉంచితే నోట పెట్టలేనంత పుల్లబడుతుంది. ఆ కుండలో ఈస్టు ఒక్కటే లేదు, బ్యాక్టీరియా ఒక్కటే లేదు. రెండూ ఒకే చక్కెర మీద పనిచేస్తాయి. కుండలో ఆ పని ఎండ ఎక్కేలోగా ముగుస్తుంది. పసిపిల్ల నోటిలో, పాలసీసాలో చక్కెర కలిపి ఇచ్చి నిద్రపుచ్చిన ప్రతి రాత్రీ అది మళ్ళీ మొదలవుతుంది.

2022లో అదే ప్రయోగశాల నుంచి మరొక విశేషం వచ్చింది. తీవ్రంగా పళ్ళు పుచ్చిన పసిపిల్లల లాలాజలంలో బ్యాక్టీరియా, ఈస్టు ముందే గుంపులు కట్టి తేలుతున్నాయని, పంటి ఉపరితలం దొరికినప్పుడు ఈస్టు చాచే పోగులు కాళ్ళుగా ఆ గుంపు మొత్తం పాకుతూ, దూకుతూ సాగుతుందని చూపారు. స్వయంగా కదలలేని బ్యాక్టీరియా ఈస్టు వీపున ఊరేగుతుంది. ఇటువంటి గుంపులను మందులతో చంపడమూ, తోమి వదిలించడమూ విడి కణాలను వదిలించడం కంటే కష్టం. శాస్త్రవార్తలు రాసేవారికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. ప్రమాదం కూడా అక్కడే మొదలవుతుంది. నడిచే ఈస్టు చూస్తుండగానే కొత్త పంటిపురుగు అయి కూర్చుంటుంది.

కనుక ఎదుటి పక్షం సాక్ష్యం కూడా వినాలి. 2016లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన పరిశోధకులు పాల్గొన్న ఒక వ్యాసం, నోటి పాచిలో క్యాండిడా ఉండటం పన్నుకు రక్షణ కూడా కావచ్చునని వాదించింది. ఈ ఈస్టు కొన్ని పరిస్థితులలో అమైనో ఆమ్లాలను విరిచి అమోనియా విడుదల చేస్తుంది, ఆమ్లపు తీవ్రతను తగ్గిస్తుంది. ఎలుకలలో క్యాండిడా ఒక్కటే పళ్ళను పుచ్చించగలదని చూపిన ప్రయోగమూ ఉంది, గాజుపాత్రలో అది ఆమ్లాన్ని తగ్గించిందని చూపిన ప్రయోగమూ ఉంది. రెండూ అబద్ధం కానవసరం లేదు. చక్కెర ఎంత ఉంది, ఎంతసేపటికొకసారి వస్తోంది, పొరుగున ఎవరున్నారు అన్నదానిని బట్టి అదే జీవి వేరువేరుగా నడుచుకుంటుంది. పైగా ఈస్టుకు పులుపు ఇష్టం. నిత్యం ఆమ్లం ఊరే నోటిలో తోటి బ్యాక్టీరియా ఎన్నో చనిపోతాయి, ఈస్టు నిలబడుతుంది. అందువల్ల పుచ్చుపళ్ళున్న పిల్లలలో అది ఎక్కువగా కనబడటంలో కొంత భాగం కారణం, కొంత భాగం ఫలితం. ఐదు రెట్లన్న అంకె ఈ రెండు భాగాలను విడదీయలేదు. పళ్ళు చెడకముందే పిల్లల నోళ్ళను పరీక్షించి, ఏళ్ళ తరబడి వెంట నడిచే అధ్యయనాలే ఆ పని చేయాలి.

ఈ చర్చ పరిశోధకుల మధ్యనే ఉండిపోయేదయితే తొందర లేదు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 200 కోట్ల మంది శాశ్వత దంతాలు, 51 కోట్ల మంది పిల్లల పాలపళ్ళు పుచ్చి ఉన్నాయి. ఇంగ్లండు వంటి సంపన్న దేశంలో కూడా ఐదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు ఆసుపత్రిలో చేరడానికి మొదటి కారణం పుచ్చుపళ్ళే. నాలుగేళ్ళ బిడ్డను మత్తిచ్చి ఎనిమిది పళ్ళు పీకి, నెత్తురంటిన దూదితో బయటికి తెచ్చినప్పుడు, ఆ గది ముందు కూర్చున్న తల్లిని చూసినవారికి ఇది చిన్న జబ్బని అనిపించదు. ఆ తల్లికి మొదట తగిలే ప్రశ్న ‘పళ్ళు తోమించలేదా?’ అన్నది. మ్యూటన్స్ ఎక్కువగా తల్లి నోటి నుంచే బిడ్డకు చేరుతుందని తెలిసిన తరువాత రెండో నింద తోడైంది. ఇప్పుడు ఈస్టు కూడా తల్లి నుంచి రావచ్చునని తెలిస్తే మూడో నింద సిద్ధం. ఎంగిలి గురించి తెలుగువారికి ఉన్న పట్టింపును తీసుకువచ్చి, పెద్దలు అప్పుడే చెప్పారని ముడిపెట్టేవారూ ఉంటారు. ఎంగిలి పట్టింపు శుచికి సంబంధించినది, అందులో సూక్ష్మజీవశాస్త్రం వెదకడం వృథా. బిడ్డకు పెట్టేముందు అన్నం వేడి చూసిన తల్లి నేరం చేయలేదు. ఆమె నోటిలోని జీవి బిడ్డ నోటికి చేరడం దాదాపు తప్పని సంగతి. చేరిన జీవి ఏమవుతుందన్నదే తప్పించగలిగిన సంగతి.

ఈస్టును దోషిగా నిలబెడితే వచ్చే రెండో కీడు మందు. శిలీంధ్రాలను చంపే మందులు ఈ పాచి కూటమిని బలహీనపరుస్తాయని ప్రయోగశాలలో కొంత ఆధారం ఉంది. ఆ దారిలో పరిశోధన సాగవలసిందే. అయితే శిలీంధ్రాలకు వ్యతిరేకంగా వైద్యుల చేతిలో ఉన్న మందుల రకాలు బ్యాక్టీరియా మందులతో పోలిస్తే చాలా తక్కువ. ఫ్లూకొనజోల్‌కు లొంగని ఈస్టులు ఇప్పటికే ఆసుపత్రులలో ప్రాణాలు తీస్తున్నాయి. కోట్లమంది పిల్లల నోళ్ళలో, సగం మందిలో ఏ హానీ చేయకుండా ఉండే జీవి మీద ఆ మందును చల్లితే, రేపు రక్తంలో ఈస్టు చేరిన రోగికి ఇవ్వడానికి అది పనికిరాకుండా పోతుంది. ఈస్టును తరిమేస్తామని అమ్మే పుక్కిలింత ద్రవాలు, ‘క్యాండిడా పథ్యాల’ సంగతి చెప్పనక్కరలేదు. వాకుడు గింజల పొగకు అవి కొత్త సీసాలు.

అయితే ఈస్టు వాటా తెలియడం వల్ల లాభం లేదా? చాలా ఉంది. మొదటిది, చక్కెర మీద ఉన్న పాత సాక్ష్యం మరింత గట్టిపడింది. 1940లలో స్టీఫన్ గీసిన రేఖ ప్రకారం గ్లూకోజు నోటిలో పడిన కొద్ది నిమిషాలకే పాచి ఆమ్లమవుతుంది. కోలుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. కనుక ఎంత తిన్నారన్న దానితోపాటు ఎన్నిసార్లు తిన్నారన్నదీ ముఖ్యమని అప్పటి నుంచీ చెబుతున్నారు. ఈస్టు కథ దీనికి ఇంకొక మెట్టు కలుపుతుంది. చక్కెర ఆ జీవులకు తిండి మాత్రమే కాదు, వాటిని ఒకచోట కట్టిపడేసే బంకకు ముడిసరుకు కూడా. అది అందకపోతే కూటమి కట్టడమే కష్టం. రెండవది, ఈ విషయం దంతవైద్యుల గదికే పరిమితం కాకూడదు. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రాసే వైద్యుడు, పీల్చిన వెంటనే నోరు పుక్కిలించమని చెప్పాలి. నోరు ఎండబెట్టే మందులు వాడే వృద్ధులకు, మధుమేహం అదుపులో లేనివారికి, కట్టుడు పళ్ళతోనే నిద్రపోయేవారికి ఈస్టు పెరుగుతుంది. చిగుళ్ళు జారి వేళ్ళు బయటపడ్డ వారి పళ్ళే సులువుగా పుచ్చుతాయి. ఈ రెండు వాక్యాలను కలిపి చదివే వైద్యులు ఇంకా తక్కువ. విదేశంలోని పిల్లల దగ్గరికి వచ్చి ఆరు నెలలుండి వెళ్ళే తెలుగు తల్లిదండ్రులలో ఈ లక్షణాలన్నీ ఒకే మనిషిలో కనబడటం అరుదు కాదు. వారి మందుల సంచీని చూసినవారు నోటిని చూడరు.

చక్కెర గురించి తెలిసినదంతా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మరువరాదు. 1940ల మధ్య నుంచి స్వీడన్‌లోని విపెహోల్మ్ అనే మానసిక వికలాంగుల ఆశ్రమంలో, ఏమి జరుగుతోందో తెలుసుకుని ఒప్పుకోగల స్థితిలో లేనివారికి భోజనానికీ భోజనానికీ మధ్య జిగట మిఠాయిలు తినిపించి, వారి పళ్ళు ఎంత త్వరగా పుచ్చుతాయో లెక్కపెట్టారు. ఖర్చులో కొంత మిఠాయి పరిశ్రమ పెట్టుకుంది. ఫలితాలు 1954లో అచ్చయ్యాయి. పంటికి అంటుకునే మిఠాయి, మాటిమాటికీ తినడం అన్నిటికంటే హాని చేస్తాయన్న జ్ఞానం ఆ నిస్సహాయుల నోళ్ళ మీదుగా వచ్చింది. అంత వెల చెల్లించి తెలుసుకున్న సంగతిని పక్కన పెట్టి, కొత్త క్రిమి దొరికిందని దాని వెంట పరుగెత్తడం వారికి రెండోసారి చేసే అన్యాయం. బ్రిటన్‌లో 2018లో తియ్యని శీతల పానీయాల మీద లెవీ విధించారు. ఆ తరువాత ఇంగ్లండులో పుచ్చుపళ్ళు పీకించుకోవడానికి ఆసుపత్రిలో చేరే పిల్లలు సుమారు 12 శాతం తగ్గారని 2023లో ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ లెవీ ఏ క్రిమినీ చంపలేదు, ఏ తల్లినీ నిందించలేదు.

తిలాపాపం తలా పిడికెడు అన్న సామెత సాధారణంగా తప్పును పంచుకుని తప్పించుకునేవారిని గురించి వాడతారు. పుచ్చుపన్ను విషయంలో అది అక్షరాలా రోగనిర్ణయం. బ్యాక్టీరియాకు ఒక పిడికెడు, ఈస్టుకు ఒక పిడికెడు, ఎండిన నోటికి ఒకటి, ఫ్లోరైడ్ అందని పేస్టుకు ఒకటి. అయితే ఆ పిడికిళ్ళన్నీ నిండేది ఒకే డబ్బాలో నుంచి, అది వంటింటి అరలోను, దుకాణంలో బిల్లు కట్టే చోట పిల్లల చేతికందే ఎత్తులోను ఉంటుంది. మిల్లర్ 1907లో కన్నుమూశారు. మ్యూటన్స్ పేరు ఆయన వినలేదు, ఈస్టు పోగులు పంటి మీద నడవడం చూడలేదు. అయినా ఆయన రొట్టెముక్క ప్రయోగాన్ని తోసిపుచ్చిన ఫలితం 130 ఏళ్ళలో ఒక్కటీ రాలేదు. కొత్త వ్యాసాలు చదివేవారు ఆ పాత పుస్తకాన్ని కూడా ఒకసారి తెరిస్తే, ఈస్టును ఎక్కడ కూర్చోబెట్టాలో సులువుగా తెలుస్తుంది.